చొక్కా జేబు నేర్చుకున్న పాట

ఎల్క్‌హార్న్ గుట్ట మంచె,
ఉత్తర అల్బర్టా,
మే 4.

ఒసేయ్ లెస్యా,

చేరాను. హెలికాప్టర్ నన్నూ నా ఆరు పెట్టెల సరుకులనూ గుట్ట మీద దించేసి వెళ్లిపోయింది. ఇక సెప్టెంబరు దాకా నేనూ, నూరడుగుల ఇనుప నిచ్చెనా, దాని కొసన గాజు గదీ, చుట్టూ కనుచూపు మేర అడవీ. పొగ లేస్తే లేచిందని రేడియోలో చెప్పాలి, లేవకపోతే లేవలేదని చెప్పాలి. మూడో వేసవి కదా, గుడిసెలో ఎలుకలు కూడా నన్ను గుర్తుపట్టాయి. ఫోన్‌కి సిగ్నల్ లేని చోటు కాబట్టి మూడు వారాలకోసారి సరుకులు తెచ్చే పైలట్ గోర్డ్ చేతికే మన ఉత్తరాలు.

ముందు నేరం ఒప్పేసుకుంటున్నాను. నువ్వు తువ్వాలులో చుట్టి ఇచ్చిన నాన్న హెడ్‌ఫోన్లు పెట్టెలో, ఆ పెట్టె నా మంచం కింద క్షేమంగా ఉన్నాయి. వాటి గురించి ఇంకేం అడక్కు. దారిలో పీస్ రివర్ అనే ఊళ్లో దుకాణంలో వైర్లేని ఇయర్‌ఫోన్లు కొన్నాను, అరవై డాలర్లు. రెండూ కలిపి నా బొటనవేలంత లేవు! చెవిలో పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాను, కట్టెలు కొడుతున్నాను, రొట్టె పిండి పిసుకుతున్నాను. నువ్వు నాకోసం నాలుగు గొంతులూ ఒక్కదానివే పాడి ఫోన్లో ఎక్కించిన ఆ స్టేషన్ వాన పాట నాతో పాటే తిరుగుతోంది. నిన్న గంతులు కూడా వేశాను. చూసింది ఒక దుప్పి మాత్రమే, అది మర్యాదగా తల తిప్పుకుంది.

మీ అక్క,
డార్కా


వెగ్రెవిల్,
మే 27.

డార్కక్కా,

చిక్కుడు గింజలు! నాన్న నలభై ఏళ్లు ఊరందరి రేడియోలు బాగుచేసి, తన చెవులకని ఒక్కటంటే ఒక్క మంచి వస్తువు కొనుక్కున్నాడు. అది మంచం కింద ఎలుకలకు, నీ చెవులకేమో చిక్కుడు గింజలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే నీతో వాదించి ప్రయోజనం లేదని తెలుసు, అయినా వాదిస్తాను.

ఆ గింజల్లోకి పాట గాల్లోంచి దూరేలోపు సగం రాలిపోతుందే. మాటలు వినిపిస్తాయి, వరస వినిపిస్తుంది. గొంతుకీ గొంతుకీ మధ్య ఉండే సన్నటి మెరుపు ఉంటుందే, అది రాదు. మనది వాయిద్యం లేని పాట. నేను వరస పాడతాను, హాలియా పైన, బొహ్దానా కింద. నాలుగో గొంతు నీది, మేం ముగ్గురం వదిలేసిన చోటు నింపేది. చారులో ఉప్పు లాంటిది. ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే అందరూ మొహం ముడుస్తారు. నలుగురూ సరిగ్గా అతికితే, ఎవరూ పాడని ఐదో గొంతొకటి పైన మోగుతుంది. నాన్న హెడ్‌ఫోన్లలో అది ఎలా ఉంటుందో వింటే తెలిసేది. ఎలా వినాలో రాసి కూడా పెట్టాను.

ఏప్రిల్లో మా వంటింట్లో ఏం జరిగిందో మర్చిపోలేదు కదా? నీ గొంతు మంచు మీద బండిలా జారిందని హాలియా, బొహ్దానా ఇద్దరూ పెదవి విరిచారు. నా మొహం చూసి సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ఆ నెల ఇరవై ఏడున రెడ్ డీర్ ఊళ్లో పాటల పోటీ. చర్చి హాల్లో శుక్రవారాలు బంగాళాదుంప కూరిన పెరోగీలు వత్తుకుంటూ పాడుకునే వాళ్లం, 'నాలుగు పెరోగీలు' అని పేరు పెట్టుకుని ముగ్గురమే వెళితే జనం నవ్వుతారు. నాలుగో గొంతు పాడే మార్తా పెళ్లి చేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయినప్పుడు ఆ చోటు నువ్వే అడిగావు. నిలబెట్టుకో.

ఇంకోటి. పాట అయిపోగానే ఆపేయకు. చివరిదాకా విను.

లెస్యా


ఎల్క్‌హార్న్ గుట్ట మంచె,
జూన్ 15.

ఒసేయ్ గురువుగారూ,

వినడానికి కూడా వాడే విధానం రాసిపెట్టావా? చెవులున్నాయి కదే, వాటికి విధానం అమ్మ కడుపులోనే నేర్పి పంపారు.

నా గింజల ఘనత విను. మంగళవారం రాస్ప్‌బెర్రీ పొదల్లో మీ పాట పాడుకుంటూ తల ఎత్తితే ఎదురుగా ఎలుగుబంటి. అదే నీ హెడ్‌ఫోన్లయితే వైరు పొదకి చిక్కుకుని నేను దాని భోజనం అయ్యేదాన్ని. ఇవి పెట్టుకుని వెనక్కి నడుస్తూ, పాట ఆపకుండా, గుడిసెలోకి వచ్చి తలుపేసుకున్నాను. అది కాసేపు నిలబడి విని వెళ్లిపోయింది. పెదవి విరిచిందో లేదో దూరం నుంచి కనిపించలేదు.

ఒకసారి కుడి గింజ బార్లీ గంజిలో పడింది. తీసి తుడిచి పెట్టుకుంటే మునుపటికన్నా బాగా పాడుతోంది. నాన్న హెడ్‌ఫోన్లని గంజిలో వేసి చూడు మరి.

నా వంతు పాట బాగానే వస్తోంది. కొంచెం విచిత్రంగా ఉందిలే, అయినా వస్తోంది. పోటీకి ఏ గౌను? ఆకుపచ్చది అంటే మాత్రం నేను ఎలుగుబంటి దగ్గరికి వెళ్లిపోతాను.

డార్కా


వెగ్రెవిల్,
జులై 2.

అక్కా,

క్షేమమే. ఇక్కడ వడగళ్లు పడి కూరగాయల మొక్కలు పోయాయి. గౌను నీలం రంగుది.

అభ్యాసాలు సాగుతున్నాయి. నీ కుర్చీ ఖాళీగా ఉంటే శ్రుతి అందడం లేదని బొహ్దానా అంటే, ఈ వేసవికి ఒకరిని కూర్చోబెట్టాం. ఊరికే, కుర్చీ కోసం.

పాట చివర నేను చెప్పినదానికి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎలుగుబంటి గురించి మాత్రం అరపేజీ రాశావు. సరే. నీ ఇష్టం.

లెస్యా


ఎల్క్‌హార్న్ గుట్ట మంచె,
జులై 18.

లెస్యా,

కుర్చీ ఖాళీగా ఉంటే దానికేమైనా జలుబు చేస్తుందా? ఆ ఒకరు ఎవరు? పేరు రాయకుండా 'ఒకరు' అన్నావంటే ఆవిడ బాగా పాడుతుందన్నమాట.

మూడు రోజులు అన్నం సయించలేదు, నిజంగానే. నలభై తొమ్మిదేళ్లు వచ్చాయి. ఇన్నాళ్లూ మీరు పాడుతుంటే వెనక గిన్నెలు కడిగిన దాన్ని. చర్చి హాల్లో మీ నలుగురి పాట అయ్యాక చప్పట్లు కొట్టి, కొట్టి, మళ్లీ తడి చేతులతో సింకు దగ్గరికి వెళ్లేదాన్ని. ఒక్కసారి ఆ నలుగురిలో నిలబడాలని నాకెంత ఆశో నీకు తెలుసు. తెలిసీ కుర్చీ ఇచ్చేశావు.

ఇక దాచి లాభం లేదు, నా అజ్ఞానం కూడా చెప్పేస్తాను. నువ్వు పంపిన పాటలో నా వంతు లేదే! మూడు గొంతులే ఉన్నాయి. మొదటి వారమంతా వెతికాను. ఏడ్చాను కూడా. తర్వాత అర్థమైంది, నువ్వు కావాలనే ఆ చోటు వదిలేసి నన్ను పరీక్షిస్తున్నావని. అడిగితే మొద్దు అంటావని అడగలేదు. పైన గాజు గదిలో కూర్చుని, మీ ముగ్గురి మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గొంతు పెట్టి చూస్తున్నాను. చాలాచోట్ల తగలదు. తగిలిన చోట మాత్రం కిటికీ అద్దాలు జుయ్‌మంటాయి. మొదట కందిరీగలనుకున్నాను. చీపురు తీసుకుని వెతికాను కూడా. కందిరీగ లేదు. మళ్లీ పాడితే మళ్లీ జుయ్.

పాట చివర నువ్వు చెప్పిందేమిటి? చివర ఏమీ లేదు. అర నిమిషం నిశ్శబ్దం, అంతే.

డార్కా


వెగ్రెవిల్,
జులై 21.

అక్కా,

నీ జవాబు ఇంకా అందలేదు, ఆగలేక రాస్తున్నాను. ఇది చదివే ముందు కూర్చో. నిచ్చెన మీద ఉంటే దిగు.

నేనూ చిక్కుడు గింజలు కొన్నాను. నవ్వకు. నవ్వావు. సరే నవ్వు. అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు ఉడుకుతుంటే నా హెడ్‌ఫోన్ల వైరు గరిటెకి చుట్టుకుని, గరిటె, టమాటా పులుసు, ఫోనూ అన్నీ నా మీదికొచ్చాయి. విసుగొచ్చి వెళ్లి కొనేశాను. మూడు రోజులు రాణిలా తిరిగాను. ఎంత హాయిగా ఉందో ఎవరికీ చెప్పుకోలేక చచ్చాను.

ఇవాళ నీ కోసం చేసిన పాట వింటూ పెరోగీలు వత్తుతుంటే ఎడమది జారి మైదా డబ్బాలో పడింది. కుడి చెవిలో పాట సాగుతోంది. సాగుతోంది కానీ, నాలుగో గొంతు లేదు!

నేర్చుకునే పాటలు ఎలా చేస్తామో నీకు తెలుసనుకున్నాను. ఎడమ చెవిలో నీ వంతు ఒక్కటే, కుడి చెవిలో మిగతా మా ముగ్గురి వంతులూ. నాన్న హెడ్‌ఫోన్ల పెట్టె అడుగున కాగితం మీద రాసి పెట్టాను. అది చదవకపోయినా రెండు చెవులతో వింటే ఏ గొడవా లేదు. ఆ గుట్ట మీద నువ్వు రెండు చెవులతోనే వింటున్నావు కదా? కదా అక్కా?

పాట చివర మాట కూడా ఎడమ చెవిలోనే ఉంది. అందుకే నువ్వు జవాబు రాయలేదేమోనని ఇప్పుడే తట్టింది.

లెస్యా


ఎల్క్‌హార్న్ గుట్ట మంచె,
ఆగస్టు 8.

ఓసి నా తల్లీ,

మంచె మీద కాపలా ఉండేవాళ్లెవరైనా రెండు చెవులూ మూసుకుంటారటే? రేడియో నా ఎడమ పక్క ఉంటుంది. ఎవడు ఎప్పుడు పిలుస్తాడో తెలియదు. పక్క గుట్ట మీది డెస్మండ్ ముసలాయన ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పాడు, "ఒక చెవి నీది, ఒక చెవి అడవిది" అని. కాబట్టి కుడి గింజ చెవిలో, ఎడమ గింజ చొక్కా జేబులో. డబ్బీలో పెట్టేస్తే రెండూ ఆరిపోతున్నాయని జేబులో వేసుకున్నాను. అంటే అది అక్కడ పాడుతూనే ఉంది! మే నెల నుంచీ నా వంతు పాటంతా నా చొక్కా జేబుకి నేర్పావు. రెడ్ డీర్‌కి చొక్కాని పంపిస్తాను, నీలం గౌను తొడుగు.

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, రేడియోలో సాయంత్రం పిలుపుకి మాట రాక, ఆఫీసువాళ్లు నాకేమో అయిందనుకున్నారు. "పొగా?" అన్నారు. "లేదు, జేబు" అన్నాను.

వెంటనే ఎడమది పెట్టుకుని విందామని చూస్తే అది చచ్చిపోయి ఉంది. మొన్న ఆదివారం జేబు చూడకుండా చొక్కా ఉతికాను. గంజిలో పడిన తమ్ముడు బతికాడు, సబ్బు నీళ్లలో పడిన అన్న పోయాడు.

నాన్న హెడ్‌ఫోన్లు తీయొచ్చు కదా అంటావు. లెస్యా, అవి పనిచేయవు. మొదటి రోజే మెడలో వేసుకుని నిచ్చెన ఎక్కాను, వైరు మెట్టుకి తగులుకుంది, అరవై అడుగుల ఎత్తున గబ్బిలంలా వేలాడాను. కత్తితో కోద్దామనుకున్నాను, నాన్న వైరు కదా, చెయ్యి రాలేదు. ఎలాగో విడిపించుకునేసరికి ప్లగ్గు విరిగిపోయింది. నీకు రాయడానికి మొహం చెల్లక క్షేమంగా ఉన్నాయని రాశాను. నన్ను తిట్టు.

మూడు నెలలు నేను నేర్చుకున్నది ఏ కాగితంలోనూ లేని పాటన్నమాట. అయినా పారేయబుద్ధి కావడం లేదు. కుడి చెవిలో మీ ముగ్గురినీ వింటూ, నా గొంతు ఒక్కటే రికార్డు చేసి, ఆ చిన్న మెమరీ కార్డు గోర్డ్ చేతికిస్తున్నాను. బాగోలేదంటే ఆ 'ఒకరి'కే చోటిచ్చేయండి. ఏడవను. ఏడ్చినా అడవిలోనే కదా, ఎవరికి వినబడుతుంది.

డార్కా


వెగ్రెవిల్,
ఆగస్టు 26.

మా అక్కకి,

ఆవిడ పేరు కొలీన్. పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే ఆవిడ. జూన్ నుంచీ నీ కుర్చీలో కూర్చుంటోంది. బాగా పాడుతుంది. హాలియా, బొహ్దానా అప్పుడే ఆవిడకి నీలం గౌను కొలతలు తీసుకున్నారు. నేను వద్దనలేదు. రాయనూ లేదు. నువ్వు నా మాటకి జవాబివ్వలేదని మొండికేశాను. ఇదీ నా నేరం.

ఇక ఏం జరిగిందో విను. శుక్రవారం చర్చి హాల్లో పెరోగీలు వత్తడం అయ్యాక కార్డు ఫోన్లో పెట్టాను. ఒక గింజ హాలియాకి, ఒకటి బొహ్దానాకి ఇచ్చాను. "ఇంత చిన్నదాంట్లోకి డార్కా ఎలా పట్టిందే" అని బొహ్దానా దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి తిరిగిచ్చేసింది. ఒక్క గొంతు వింటే ఏం తెలుస్తుంది అంది. అప్పుడు ఫోన్ తీసుకెళ్లి, కడిగి బోర్లించిన పెద్ద అల్యూమినియం డేగిశాని వెల్లకిలా తిప్పి అందులో పెట్టాను. నీ గొంతు డేగిశాలోంచి వస్తోంది, చుట్టూ మేం ముగ్గురం నిలబడి పాడాం.

హాలియా బస్సు నడిపే మనిషి కదా, ఒక చేత్తో పెన్సిలు పట్టుకుని కాగితం మీద నీ తప్పులు టిక్కులు పెడుతూనే ఉంది. పదకొండు. చివరి వరసలో, బండి వెళ్లిపోయి వాన ఒక్కటే మిగిలే చోట, కాగితంలో ఉన్న స్వరం కాకుండా నువ్వు ఇంకో చోటికి వెళ్లావు. అక్కా, సొరుగులో చెంచాలు జుయ్‌మన్నాయి. ముగ్గురం పాట ఆపేశాం. చెంచాలు ఇంకా మోగుతున్నాయి. హాలియా పెన్సిలు కింద పెట్టింది.

బొహ్దానా కళ్లు తుడుచుకుంది, ఉల్లిపాయలంది. ఉల్లిపాయలు గంట క్రితమే అయిపోయాయి. "పది దిద్దుకోమను. ఆ చివరిది ముట్టుకుందంటే ఊరుకోనని చెప్పు మీ అక్కకి" అంది.

కొలీన్ మూల కుర్చీలో అంతా వింటోంది. లేచి పళ్లెంలో తన వాటా పెరోగీలు సర్దుకుంది. "నేను కాగితంలో ఉన్నది పాడాను. ఆవిడ మీ ముగ్గురినీ విని పాడింది" అంది. గౌను మాత్రం తనకే ఇమ్మంది, రంగు నచ్చిందట. ఇచ్చేశాం. నీకు వేరే కుట్టిస్తున్నాం, ఆకుపచ్చది దొరికింది, ఎలుగుబంటికి చెప్పు.

ఇకనుంచి గింజల మీద పడి ఏడవను. నాన్న హెడ్‌ఫోన్లలో విని ఉంటే నా గొంతుని వల్లించి వచ్చేదానివి, నన్ను వినేదానివి కాదు. నువ్వు వదిలిన చెవిలో నీ గొంతే నీకు వినబడింది. కానీ ఆ చివరి మాట నువ్వు వినాలి. ఉత్తరంలో రాయను, రాయగలిగితే ఏప్రిల్లోనే రాసేదాన్ని. నాన్న సొరుగులో దొరికిన కొత్త ప్లగ్గూ, టంకం తీగా ఈ పెట్టెలో పెట్టాను. ఆయన పక్కన కూర్చుని అతికించడం నేర్చుకున్నది నువ్వే కదా. అతికించు, విను. తర్వాత నన్ను ఏం అనాలో అను.

లెస్యా


ఎల్క్‌హార్న్ గుట్ట మంచె,
సెప్టెంబరు 9.

లెస్యా,

అతికించాను. చెంచా కాడని పొయ్యిలో కాల్చి టంకం పెట్టాను, నాన్న చూస్తే చెవి మెలిపెట్టేవాడు. సాయంత్రం పిలుపు అయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చిట్లిన మేరా తీసేసరికి వైరు రెండు అడుగులే మిగిలింది, ఫోన్ నేల మీద, పక్కన నేను. లేవడానికి లేదు, పిండి పిసకడానికి లేదు. కట్టేసిన ఆవులా కదలకుండా చివరిదాకా విన్నాను.

ముందు నాలుగు గొంతులూ విన్నాను. నువ్వు చెప్పిన మెరుపు విన్నాను. ఒప్పుకుంటున్నాను, చిక్కుడు గింజలు ఆ మెరుపుని మోయలేవు. ఇన్నాళ్లూ నీమీద పంతం కొద్దీ కాదన్నాను.

తర్వాత నీ మాట. గుక్క తిప్పుకోకుండా చెప్పావు. "అక్కా, ఆ రోజు శ్రుతి తప్పింది నువ్వు కాదు, నేను. మొదట శ్రుతి బూరలో ఊదిన స్వరానికన్నా ఎత్తుగా ఎత్తుకున్నాను. వాళ్లిద్దరూ నా వెంట పైకి జారారు. నువ్వొక్కదానివే ఊదిన చోట నిలబడ్డావు. ముగ్గురు తప్పితే నాలుగో మనిషే తప్పినట్టు ఉంటుంది. నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నువ్వు క్షమించానని రాస్తే వాళ్లకి చెబుతాను."

పిచ్చిదానా! ఏప్రిల్ నుంచీ మంచు మీద బండి నేనే అనుకుంటూ ఎన్ని రాత్రులు దిండు తడిపానో. ఇది తెలిసుంటే ఎలుగుబంటికి ఇంకా గట్టిగా పాడేదాన్ని. కోపం వచ్చింది. చాలా వచ్చింది. నిచ్చెన మీద సగం దాకా ఎక్కి నిన్ను పేరు పెట్టి తిట్టాను, రెండు గుట్టలు వినేలా. అవతల డెస్మండ్ ముసలాయన రేడియోలో "పొగా?" అన్నాడు. "చెల్లెలు" అన్నాను. ఆయనకీ ముగ్గురు చెల్లెళ్లు ఉన్నారట, ఇంకేం అడగలేదు.

పదిహేనున దిగుతున్నాను. పది తప్పులు దిద్దుకున్నాను, పదకొండోది ముట్టుకోలేదు. హాలియాకీ బొహ్దానాకీ నువ్వే చెప్పు, నా ఎదురుగా, పెరోగీలు వత్తేటప్పుడు. నేను నీ ఎడమ పక్క నిలబడతాను.

క్షమించానా అని కదా నీ బెంగ. ఆ మాట రోజుకి పదిసార్లు విన్నది నేను కాదు, నా చొక్కా జేబు. అది మే నెలలోనే నిన్ను క్షమించేసి ఉంటుంది. నేను నిన్ననే విన్నాను, కొంచెం ఆలస్యంగా అందుకుంటున్నాను.

మీ అక్క,
డార్కా